రేణిగుంటకూ కడపకూ మధ్య

పోయిన వారం రెబెకమ్మను రేణిగుంట విమానాశ్రయం బయట, రెండు పెట్టెల పక్కన కూర్చోబెట్టి వదిలేశాం. అక్కడికి ఎలా చేరిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. కువైట్‌లో ఆమె పనిచేసే ఇంటివాళ్లు సొంత పని మీద ఊరు విడిచి పోతూ, అనుకున్నదానికంటే ముందే సెలవిచ్చారు. ఇంట్లో చెప్పిన లెక్క ప్రకారం కూతురు ఏంజెలిన్ పెళ్లికి ఇంకా పది రోజులున్నాయి. పెళ్లి పనులు దగ్గరుండి చేసుకోవచ్చని పొంగిపోయి కడపకు టికెట్టు తీసుకోబోయింది. కడపలో దిగితే బద్వేలు మీదుగా ఆత్మకూరుకు తిన్నని దారి. భర్త డేవిడ్‌రాజు వద్దన్నాడు. బద్వేలు దారిలో కొండ దగ్గర రోడ్డంతా తవ్వి పోశారు, తిరుపతి విమానం ఎక్కు, రేణిగుంటకు కారు తీసుకుని వస్తామన్నాడు.

ఆమె దిగింది. వాళ్లు లేరు. అంతలో కూతురి ఫోను. "అమ్మా, నువ్వు మొదట కడప అన్నావు గదా, నాయన ఆ మాటే మనసులో పెట్టుకోని కడప ఎయిర్‌పోర్టుకు తీసుకొచ్చినాడు. నువ్వు ఆడే కూర్చో, మేమే వస్తా ఉండాం." కడప విమానాశ్రయం నుంచి రేణిగుంటకు కారులో మూడు గంటలు. మధ్యమధ్య కూతురి గొంతుతో మెసేజీలు వస్తూ ఉంటే, తనవల్లే గదా ఈ తిప్పలు అని రెబెకమ్మ తనను తానే తిట్టుకుంటూ కూర్చుంది. మూడు గంటలూ గడిచాక, ఎవరినో దించడానికి వచ్చిన ఉదయగిరి కారు డ్రైవరు షంషుద్దీన్ ఆమెను చూసి నోరు తెరిచాడు.

"అక్కా, ఈ పొద్దు ఆత్మకూర్లో మీ పాప పెళ్లి గదా! నువ్వు ఈడుండావేంది?"

ఆ మాటకు రెబెకమ్మ మొదట నవ్వింది. నవ్వి, "నీకెవరో తప్పు చెప్పినార్రా షంషూ" అంది. షంషుద్దీన్ నవ్వలేదు. పెళ్లికొడుకు ఎక్కే కారు తన కొడుకు అక్రమ్‌దేననీ, తెల్లారి దానికి పూలు కట్టించింది తానేననీ చెప్పాడు. "మీ ఆయన్ని అడిగితే నీకు సెలవు దొరకలేదన్నాడక్కా. మేమంతా అయ్యో అనుకున్నాం."

రెబెకమ్మ ఫోను చేస్తే డేవిడ్‌రాజు ఫోను మోగలేదు. ఏంజెలిన్ ఫోను మోగలేదు. షంషుద్దీన్ మరో మాట లేకుండా పెట్టెలు డిక్కీలో వేశాడు.

శ్రీకాళహస్తి దాటేదాకా రెబెకమ్మ వాళ్లను వెనకేసుకొచ్చింది. ముహూర్తం ముందుకు జరిపి ఉంటారు, నాకు చెబితే అక్కడ ఏడుస్తానని చెప్పి ఉండరు అంది. వెంకటగిరి దాటాక, ఏదో గొడవ వచ్చి ఉంటుంది, పెళ్లికొడుకు వాళ్లు తొందర పెట్టి ఉంటారు అంది. రాపూరు దాటాక ఏమీ అనలేదు. కలువాయి దగ్గర షంషుద్దీన్ కారాపి మజ్జిగ తెచ్చి ఇస్తే చేతిలో పట్టుకుని కూర్చుంది తప్ప తాగలేదు. సంగం బ్యారేజీ మీద పెన్న దాటుతున్నప్పుడు మాత్రం ఒక్కసారి అడిగింది.

"షంషూ, ఈపాటికి తాళి కట్టేసుంటారా?"

"పదిన్నరకే అక్కా చర్చిలో పెళ్లి. ఇప్పుడు భోజనాలు."

పద్దెనిమిదేళ్లు ఆ ఒక్క పూట కోసం ఎదురుచూసిన మనిషి ఆమె. ఆరేళ్ల పిల్లను వదిలి పోయినప్పుడు, తిరిగొచ్చి వెళ్లిన ప్రతిసారీ, నీ పెళ్లికి ముందు వరసలో కూర్చుంటాను పాపా అనే చెప్పి విమానం ఎక్కింది. ఇక ఎంత ఏడ్చినా ఆ పూట తిరిగి రాదు. ఆ సంగతి అర్థమయ్యాక ఆమెకు ఒకటే కావాలనిపించింది. ఏంజెలిన్ మొహం చూడాలి. నాయన నన్ను బలవంతం చేసినాడమ్మా అని ఆ పిల్ల నోటితో ఒక్క మాట అంటే చాలు. అన్నీ దిగమింగుకోగలదు.

ఆత్మకూరులో చర్చి గేటు దగ్గర వధూవరుల ఫ్లెక్సీ కట్టారు. దయాసాగర్ కోటు వేసుకుని ఉన్నాడు, ఏంజెలిన్ గులాబీ రంగు చీరలో నవ్వుతోంది. డేవిడ్‌రాజు ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు కాపురం మార్చి రెండేళ్లయింది. రెబెకమ్మ ఈ చర్చిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు, ఇక్కడ ఆమె మొహం తెలిసినవాళ్లు లేరు. ఆ మండే ఎండలో, విమానంలో వేసుకున్న స్వెట్టర్ కూడా విప్పకుండా లోపలికి నడుస్తున్న ఆమెను చూసి, షామియానా మొదట్లో ఎంగిలి విస్తళ్లు ఎత్తుతున్న చెంచమ్మ అనే ముసలామె పలకరించింది.

"ఎవరి తరపమ్మా? బిర్నా పోయి కూర్చో, కూర అయిపోతా ఉండాది."

"పెళ్లికూతురి అమ్మను."

చెంచమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. జాలిపడింది. "ఎండకు నీకు తల తిరిగినట్టుండాది. పెళ్లికూతురి అమ్మ నిద్రించింది గదా."

"నిద్రపోతా ఉండాదా? యాడ?"

రెబెకమ్మ పుట్టుకతో బాప్టిస్టు. నిద్రించడం అంటే ఏమిటో తెలియక కాదు, ఎన్ని సమాధుల పక్కన నిలబడి ఆ మాట వినలేదు! కానీ అది తన గురించే అంటున్నారని బతికున్న మనిషికి ఎవరికి తడుతుంది? ఆమెకు తట్టింది వేరు. డేవిడ్‌రాజు ఇంకెవతెనో తెచ్చిపెట్టుకున్నాడు, ఆమే అమ్మ స్థానంలో నిలబడి పెళ్లి జరిపించి, అలిసిపోయి లోపల పడుకుంది.

"యాడ పండుకోనుండాది చెప్పు. జుట్టు పట్టుకోని లేపతా."

"అయ్యో యేసయ్యా! ప్రభువునందు నిద్రించిందమ్మా, పోయింది. మూడాదివారాలు అయ్యగారు ప్రకటన చదివినారు గదా. డేవిడ్‌రాజు గారికీ, ప్రభువునందు నిద్రించిన రెబెకమ్మ గారికీ ఏకైక కుమార్తె ఏంజెలిన్ అని. నాకు ఇంకా చెవుల్లోనే ఉండాది. పాపం తల్లి లేని బిడ్డ అని మా ఆడోళ్లమంతా ఏడ్చినాం."

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు సంఘమంతా వింటుండగా పాస్టరు చదివే ప్రకటన అది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పడానికే దాన్ని అందరి ముందూ చదువుతారు. ఒక్కసారి కాదు, మూడుసార్లు ఆమెను అందరి ముందూ చంపారు. ఆ మూడుసార్లూ డేవిడ్‌రాజు ముందు బల్ల మీదే కూర్చున్నాడు.

అతను అప్పుడే వడ్డన చూస్తూ ఇటు తిరిగాడు. చేతిలో పెరుగు గరిటె ఉంది. రెబెకమ్మను చూడగానే గరిటె పక్కవాడి చేతిలో పెట్టి, పరుగులాంటి నడకతో వచ్చి, చెయ్యి పట్టుకుని చర్చి పక్క గదిలోకి లాక్కుపోయాడు. చాపలు, డోలకులు, క్రిస్మస్ నక్షత్రాలు పెట్టుకునే గది అది. తలుపు వేశాడు.

"అరవబాక రెబెకా. నీకు దండం పెడతా."

"నేను చచ్చిపోయినానంట గదా!"

"నేనట్ట అనలా."

"ఎవరన్నారు మరి? ఆ అయ్యగారికి కల్లోకొచ్చి నేనే చెప్పినానా?"

డేవిడ్‌రాజు చెడ్డవాడు కాడని ఈ కథలో ఇప్పటికి ఎన్నోసార్లు రాశాను. ఈ వారం రాయడానికి చెయ్యి రావడం లేదు. అతను గోడకు ఆనుకుని, చెప్పుల వైపు చూస్తూ చెప్పుకొచ్చాడు.

"పాపను చూసేదానికి వచ్చినప్పుడు పెళ్లికొడుకు వాళ్లమ్మ, హన్నమ్మ టీచరమ్మ అడిగింది, పిల్ల వాళ్లమ్మ ఏదీ అని. లేదండీ అన్నాను. ఊళ్లో లేదని గదా దానర్థం? నువ్వు ఊళ్లో లేవు గదా! ఆమె అయ్యో అనేసింది. పాపను దగ్గరికి తీసుకోని కళ్లు తుడుచుకునింది. అందర్నీ మోకాళ్లేయించి ప్రార్థన మొదలుపెట్టింది. ప్రార్థనలో లేచి, కాదండీ, మా ఆమె కువైట్లో ఉండాదండీ అని ఎట్ట చెప్పేది?"

"ప్రార్థన అయినాక చెప్పుండొచ్చు గదా."

"అంతకు ముందే ఆమె అనుండాది. కలిగిరిలో మంచి సంబంధం, పిల్ల తల్లి కువైట్లో పని చేస్తాదంట, ఆ ఇండ్లల్లో ఆడోళ్లు ఎట్ట ఉంటారో ఏమో అని వదులుకున్నాం అనింది. అది ఇన్నాక నాకు నోరు పెగల్లా. ప్రార్థన అయినాక సంబంధం ఖాయం అన్నారు. నేను ఆమేన్ అన్నా."

లేదు. రెండక్షరాల మాట. ఆ మాట పట్టుకుని ఆమెను పాతిపెట్టేశారు. రెబెకమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా మంట పుట్టింది. ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఎలా ఉంటారు? ఆ ఇళ్లలో పక్కవాళ్ల పిల్లలకు అన్నం తినిపించి, రాత్రి తన పిల్ల ఫోటో చూసుకుని పడుకుంటారు. అది చెప్పడానికి ఇంట్లో ఒక్క మగాడు లేకపోయాడు.

"సరే. నువ్వు పిరికోడివి, నాకు ముందునుంచీ తెలుసు. నా బిడ్డను కూడా బెదిరించినావే! పాప చేత ఫోను చేపించి, కడపలో ఉండామని చెప్పించి, నన్ను ఆ ఎండలో కూర్చోబెట్టించినావే! ఒంటిమిట్ట దాటినామమ్మా అంటా మెసేజి. రాజంపేటలో నాయన టీ తాగతా ఉండాడమ్మా అంటా మెసేజి. కోడూరు వచ్చినాం, నువ్వేమన్నా తిన్నావా అంటా మెసేజి. పాప గొంతు వణకతా ఉంటే కారు కుదుపులకేమో అనుకున్నా. ఎంత ఏడ్చిందో నా తల్లి ఆ అబద్ధాలు చెప్పేదానికి!"

డేవిడ్‌రాజు కాలితో ఒక డోలకును గోడ పక్కకు జరిపాడు.

"చెప్పవయ్యా. కొట్టినావా బిడ్డను?"

"నేను చెప్పించలా రెబెకా." అతని గొంతు బాగా కిందికి దిగిపోయింది. "నువ్వు ముందే వస్తా ఉండావని ఫోన్ రాగానే నాకు కాళ్లు చేతులాడలా. చెప్పేద్దాం, ఏమైతే అదయితాది అన్నా. పాపే వద్దనింది. తిరుపతిలో దించు నాయనా, మనం కడపలో ఉండామందాం, ఈ రెండిటికీ మధ్య మూడు గంటలు, ఆ మూడు గంటల్లో పెళ్లైపోతాది అనింది. పొద్దున అలంకారం చేసుకుంటా ఫోన్ చేసింది. మెసేజీలు మాత్రం రాత్రే రికార్డు చేసి నా ఫోన్లో పెట్టింది. నేను టైము చూసుకోని ఒకటొకటీ పంపినా, అంతే."

రెబెకమ్మకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. అతను మళ్లీ చెప్పాడు.

"అన్నీ రాత్రే చెప్పిందా?"

"అన్నీ ఒకటేసారి."

"తిన్నావా అని అడిగింది, అది?"

"అది కూడా."

ఆ ఎయిర్‌పోర్టు అరుగు మీద ఆ ఒక్క మాట కోసం ఆ మెసేజీని ఎన్నిసార్లు పెట్టుకుని విందో ఆమెకే తెలుసు. తిన్నాను తల్లీ, నువ్వు తిన్నావా అని బదులు కూడా పంపింది. అది ఎవరూ వినలేదు.

"కోడూరు మెసేజి ఎప్పుడు పంపినావు?"

అతను చెప్పకుండా ఉంటే బాగుండేది. కానీ డేవిడ్‌రాజు అబద్ధం ఆడవలసిన చోట నిజం చెప్పే రకం. "అయ్యగారు అభ్యంతరం ఎవరికన్నా ఉండాదా అని అడిగినప్పుడు" అన్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ముందు ఏంజెలిన్, జరీ అంచు తెల్లచీర, తలమీద వల ముసుగు. వెనక హన్నమ్మ. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, తెల్లగా మెరిసే జుట్టు, మెడలో కళ్లజోడు దారం. ఫోటో దిగడానికి డేవిడ్‌రాజును వెతుక్కుంటూ వచ్చారు.

తల్లినీ కూతురినీ అలా ఎదురెదురుగా ఇంతకుముందు ఎప్పుడూ నిలబెట్టలేదు నేను. అన్నీ ఫోన్లలోనే మాట్లాడించాను. ఏంజెలిన్ గుమ్మంలోనే ఆగిపోయింది. రెబెకమ్మ మాత్రం, అంత విన్నాక కూడా, పిల్ల ఎంత బాగుందో అనే అనుకుంది. తల్లులకు సిగ్గుండదు.

"ఎవరీమె?" అని అడిగింది హన్నమ్మ.

ఏంజెలినే బదులు చెప్పింది. ఆమె గొంతు వణకలేదు.

"మా పెద్దమ్మ, అత్తయ్యా. అమ్మ వాళ్ల అక్క. ఊరినుంచి ఇప్పుడే వచ్చింది."

బలవంతం చేశారనే మాట కోసం వచ్చిన మనిషికి దొరికింది ఇది. కాదు అనడానికి కూడా ఊపిరి కావాలి గదా. ఆ లోపే హన్నమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల్లో కపటం లేదు, నిజమైన ఆప్యాయత ఉంది. ఆ గదిలో ఆ క్షణాన రెబెకమ్మతో నిజాయితీగా ఉన్నది ఆమె ఒక్కతే.

"అచ్చం మీ చెల్లెలి ఫోటోలో ఉన్నట్టే ఉన్నారమ్మా. అక్కచెల్లెళ్ల పోలికలు ఎక్కడికి పోతాయి! రండి, మీరు రావలసిన వేళకే వచ్చారు. పొద్దున్నుంచీ నాకు ఒకటే వెలితి. ఎంతమంది మాట్లాడారో, నా కోడల్ని కన్న తల్లి గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు."

చెయ్యి వదలకుండా వేదిక మీదికి తీసుకుపోయింది. ఏంజెలిన్ ఇంకో పక్కన నడిచింది, రెబెకమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుని. చూసేవాళ్లకు అది ప్రేమగా కనిపించింది. గోళ్లు దిగుతున్న సంగతి స్వెట్టర్ కింద చెయ్యికే తెలుసు.

వేదిక మీద పెళ్లికూతురి తల్లికి వేసిన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఆ కుర్చీలో ఫ్రేము కట్టిన ఫోటో, ఫోటోకు మల్లెపూల దండ. రెబెకమ్మ పెళ్లైన కొత్తలో ఉదయగిరిలో తీయించుకున్నది. బుగ్గలు నిండుగా, జడ ముందుకు వేసుకుని ఉంది. తన దండను తానే చూసుకుంటూ ఆమె అక్కడ నిలబడింది. చచ్చిపోయిన తర్వాత కూడా ఇంత నొప్పి ఉంటుందా అనుకుంది.

హన్నమ్మ మైకు తీసుకుంది. "పెళ్లికూతురి పెద్దమ్మగారు వచ్చారు. తల్లిలేని బిడ్డకు తల్లి తర్వాత తల్లి. తన చెల్లెల్ని గురించి నాలుగు మాటలు సాక్ష్యం చెబుతారు" అని, మైకు రెబెకమ్మ చేతిలో పెట్టింది.

షామియానా కింద తింటున్నవాళ్లు తలలెత్తారు. దయాసాగర్ మర్యాదగా లేచి నిలబడ్డాడు, మంచి పిల్లవాడు, కళ్లలో కల్మషం లేదు. డేవిడ్‌రాజు మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"అందరికీ వందనాలు" అంది రెబెకమ్మ.

స్తంభాలకు కట్టిన స్పీకర్లు ఆ రెండు మాటల్నీ వీధి దాకా మోసుకుపోయాయి. తర్వాత ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. నా చెల్లెలు మంచిది, దేవుని దగ్గరికి పోయింది అని చెప్పి మైకిచ్చేస్తే, పిల్ల కాపురం నిలబడుతుంది. కానీ ఆ తర్వాత ఈ జన్మకు ఆ పిల్ల గడప తొక్కడానికి లేదు. పురుడు పోసుకుంటే చూడ్డానికి లేదు. పుట్టినవాడు అవ్వా అని పిలవడానికి లేదు. నిజం చెబితే, ఈ కుర్చీ తనది అవుతుంది, పిల్లది పోతుంది. పద్దెనిమిదేళ్లు దూరాన బతికింది ఎవరి కోసమో వాళ్లే ఇప్పుడు మోచెయ్యి నొక్కుతున్నారు, నువ్వు చచ్చిపోయే ఉండు అని.

ఆమె ఫోటో మీది దండ తీసింది. తీసి కుర్చీ మీద పెట్టింది. జనం అర్థం కాక చూశారు. ఏదో చెప్పడానికే ఆమె మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

ఏంజెలిన్ భయపడిపోయింది. ఎంత ధైర్యంగా అబద్ధాలు అల్లుకున్న పిల్ల! ఇంతదాకా ఒక్క తప్పు చెయ్యలేదు. ఇప్పుడు మాత్రం మైకు ఎక్కడుందో చూసుకోలేదు. తల్లి భుజం మీదికి ఒరిగి చెవిలో చెప్పాననుకుంది.

"అమ్మా, నీ కడుపున పుట్టినదాన్నే గదమ్మా. చెప్పబాకమ్మా, నీకు దండం పెడతా."

నాలుగు స్పీకర్లూ ఆ మాటను ముక్క పోకుండా చెప్పాయి. వంటవాళ్ల దగ్గర గరిటెల చప్పుడు ఆగిపోయింది. విస్తరి ఎత్తబోతున్న చెంచమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. దయాసాగర్ భార్య వైపు తిరిగాడు.

హన్నమ్మ మెడలోని కళ్లజోడు తీసి పెట్టుకుంది. ఆమె రెబెకమ్మను చూడలేదు. క్లాసులో తప్పు చేసిన పిల్లను లేపి నిలబెట్టినట్టు, నెమ్మదిగా, కోడలినే అడిగింది.

"ఇప్పుడు నువ్వు ఎవర్ని పిలిచావమ్మాయ్?"